మనోడు లేచిండట

ఆ సిరీస్ మళ్ళీ మొదలవుతోందన్న కబురు నాకు మా కంపెనీ క్యాంటీన్‌లో తెలిసింది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో నేను కెమిస్టుని. ఆ మధ్యాహ్నం మా ల్యాబ్ పిల్లలు (పిల్లలంటే పెళ్లీడు వచ్చినవాళ్లే, నా కళ్లకి పిల్లలు) ఒక ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి, తలలన్నీ దాని మీదకి వంచి ఏదో చూస్తున్నారు. ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. పక్కనున్న ఒడిశా కుర్రాడు చెంచా కంచంలో పడేసి, ఇది అన్యాయం అని హిందీలో అందుకున్నాడు. చచ్చిపోయినవాణ్ణి లేపి తీసుకురావడమేమిటి, అంత బాగా ముగిసిన కథని పాడు చెయ్యడమేమిటి అని వాడి గోల. ఇంకొకడు, చావు చూపించారు గానీ పాతిపెట్టడం చూపించలేదు కదా, నేను అప్పుడే చెప్పాను అని ఎగిరాడు. అన్నం చల్లారిపోతోందన్న ధ్యాస ఎవరికీ లేదు.

మీరు కూడా చూసేవాళ్లా మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. చూశాను అన్నాను. ఎందులో చూశారు, ఇంగ్లీషులోనా, హిందీలోనా అని మళ్ళీ అడిగింది. పెరుగు తెచ్చుకుంటానని లేచి వెళ్లిపోయాను.

ఆ సిరీస్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఎప్పుడూ వాన కురిసే ఒక పెద్ద నగరం. అందులో బూడిదరంగు ముసుగు వేసుకుని తిరిగే ఒకడు. వాడికి ఎగరడం రాదు, గోడలెక్కడం రాదు. ఎదుటివాళ్లకి తగిలిన దెబ్బని చేత్తో తాకి తన ఒంటి మీదకి తీసుకుంటాడు. కత్తిపోటు తిన్న పిల్ల కళ్లు తెరిచి లేచి కూర్చుంటుంది, వీడి పొట్టలోంచి రక్తం కారుతుంది. అలాగని సాధువు కాదు. పొడిచినవాణ్ణి వెతికి పట్టుకుని, చూసేవాళ్లు మొహం తిప్పుకునేంత ఘోరంగా చంపుతాడు. చివరి సీజన్ ఆఖర్లో ఒక భవనం కూలిపోతే, కింద నలిగినవాళ్లందరి దెబ్బలూ తనే తీసుకుని ఆ రాళ్ల మధ్యే ప్రాణం వదులుతాడు. పెద్దవాళ్లే భయపడే సిరీస్. దాన్ని మేం మా అత్తమ్మకి మొదటి నుంచి చివరి దాకా చూపించాం.

మా అత్తమ్మది బొంతపల్లి పక్కన పల్లె. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డారు, నేను ఆ కాలనీలోనే పుట్టి పెరిగాను. మా ఆయన పనిచేసే కంపెనీలోనే నాకు మొదటి ఉద్యోగం. పెళ్లి మాట ఎత్తగానే మా అమ్మ అన్నం మానేసింది, వాళ్ల నాన్న మాటలు మానేశాడు. చివరికి ఇద్దరికీ ఓపిక అయిపోయి ఒప్పుకున్నారు. కొత్తలో నేను అత్తయ్యగారూ అని పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరైనా వచ్చారేమోనని. "అత్తమ్మ అను, సాలు" అని ఒకరోజు తేల్చేసింది. మామయ్య పోయాక, ఊళ్లో బోరు నీళ్లకి మందు వాసన ఎక్కువయ్యాక, ఆవిడని పటాన్‌చెరులో మా ఇంటికి తెచ్చుకున్నాం. పొలం కౌలుకిచ్చేసి వచ్చింది. టీవీ ముందు కూర్చోవడం ఆవిడకి మొదట్లో శిక్షలాగే ఉండేది, చేతిలో పని లేకుండా కూర్చోవడం అలవాటు లేదు మరి. అందుకని చిక్కుడుకాయలో, చింతపండో ముందు పెట్టుకుని కూర్చునేది.

మా ఆయనకి వీక్లీ ఆఫ్ రోజు మధ్యాహ్నం ఆ సిరీస్ చూడటం సరదా. అప్పట్లో అది తెలుగులో రాలేదు. అత్తమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "ఏమంటుండ్రా వాడు?" అని ఒకసారి అడిగింది. ఆయన ఒక మాట తెలుగు చేసి చెప్పాడు. ఆవిడ ఇంకోటి అడిగింది. వారం తిరిగేసరికి ఆయన టీవీ గొంతు బాగా తగ్గించేసి, అందరి మాటలూ తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ముసుగువాడికి మా ఇంట్లో 'మనోడు' అన్న పేరు అలా స్థిరపడింది.

ఆ తెలుగు ఎలా ఉండేదో చెబితే మా ల్యాబ్ పిల్లలు నమ్మరు. విలన్ చుట్ట వెలిగించి, కిటికీ దగ్గర నిలబడి, ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా బెదిరించేవాడు. మా ఆయన అంతా ఓపికగా విని, "చౌరస్తా కాడికి రా బిడ్డా, నీ సంగతి సూస్త అంటుండు" అనేవాడు. దానికి మనోడు రెండే రెండు ముక్కలు జవాబిచ్చేవాడు. ఆ రెండు ముక్కలకి మా ఆయన తెలుగు ఇంత పొడుగు: "నేను రాను బై, నాకు పొద్దున ఫస్ట్ షిఫ్ట్ ఉన్నది. నీకే పని లేదు గదా, నువ్వే జెర మా దిక్కు రా అంటుండు." అత్తమ్మ అవునవును, పని ఉన్నోడు ఎట్ల పోతడు అని తల ఊపేది. నేను వంటింటి గడప దగ్గర నిలబడి నోరు నొక్కుకునేదాన్ని. కాలనీ స్కూల్లో ఇంగ్లీషు మీడియం చదివినదాన్ని, అక్కడ అసలేం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉండేది.

చంపడాలన్నీ ఆయన తీసేసేవాడు. తెర మీద ఒకడి మెడ విరిగేది, ఆయన నోట వాడు స్పృహ తప్పి దవాఖానకి వెళ్లేవాడు. మరీ ఘోరమైతే అత్తమ్మని మంచినీళ్లు తెమ్మని పంపేసేవాడు. ఎదురింటి కిటికీలో ఎప్పుడూ ఒక ముసలావిడ కనిపించేది. అసలు కథలో ఆవిడ మనోడి జాడ విలన్‌కి చేరవేసే మనిషి. అత్తమ్మ ఆవిడెవరని అడిగితే, మనోడి తల్లి అని ఆయన చెప్పాడు. కొడుకు ముసుగేసుకుంటే తల్లి గుర్తుపట్టదా అని ఈవిడ గట్టిగానే నిలదీసింది. పడుతుంది గానీ పట్టనట్టు ఉంటుందని ఆయన సర్దేశాడు. అత్తమ్మకి ఆ జవాబు నచ్చింది. అప్పటి నుంచి ఆ ముసలావిడ కనిపించినప్పుడల్లా చేతిలో పని ఆపి చూసేది.

ఆఖరి భాగం చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. మనోడు రాళ్ల మధ్య పడి ఉన్నాడు. వాన మొహం మీద కురుస్తోంది, కళ్లు మూసుకున్నాయి. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఏమైందని అడిగింది. మా ఆయన రిమోట్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. అబద్ధం దొరకలేదేమో అనుకున్నాను. చివరికి మెల్లగా అన్నాడు.

"డబుల్ కొట్టిండు అమ్మా. పండుకున్నడు. లేపొద్దు."

షిఫ్టు డ్యూటీ లేని ఇళ్లవాళ్లకి ఈ మాట విప్పి చెప్పాలి. మన తర్వాతి షిఫ్టు మనిషి రాకపోతే మిషన్ వదిలి రాకూడదు. ఇంకో షిఫ్టు కూడా మనమే చెయ్యాలి. దాన్ని డబుల్ కొట్టడం అంటారు. అలా చేసి వచ్చినవాణ్ణి లేపడం మా వైపు మహాపాపం. మా ఇంట్లో ఆయన పగలు పడుకుంటే కర్టెన్లు మూసేవాళ్లం. కుక్కర్ విజిల్ రాబోయే ముందు స్టవ్ కట్టేసేవాళ్లం. అత్తమ్మ గుమ్మంలో కూర్చుని, కూరగాయల బండివాడికి అరవొద్దని దూరం నుంచే చెయ్యి ఊపేది. లేపొద్దు అన్న మాటకి మా ఇంట్లో తిరుగు లేదు. అత్తమ్మ తల ఊపి, మళ్ళీ ఈనెలు తీసుకోవడంలో పడింది. మనోడు పడుకున్నాడు, కథ అయిపోయింది.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో మా ఆయన పోయాడు.

రాత్రి షిఫ్టు చేసి, పొద్దున రావలసినవాడు రాలేదని ఆ షిఫ్టూ చేసి, మధ్యాహ్నం కంపెనీ బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు, అద్దానికి తల ఆనించి, మొహం మీద కర్చీఫ్. ఆ బస్సులో సగం మంది అలాగే పడుకుంటారు. పక్క సీట్లో ఆయన దోస్తు. ఒకే ప్లాంటు, ఒకే వైపు ఊళ్లు, కలిసి పెరిగినంత స్నేహం. మా స్టాప్ వచ్చింది, డ్రైవర్ బండి ఆపాడు. దోస్తు లేపబోయి ఆగాడు. డబుల్ కొట్టాడు, పడుకోనియ్ అని డ్రైవర్‌కి సైగ చేశాడు. బస్సు చివరి స్టాప్ దాకా వెళ్లి మళ్ళీ మా వీధి మీదుగానే షెడ్డుకి వస్తుంది. డబుల్ కొట్టినవాణ్ణి వెళ్లేటప్పుడు లేపకుండా, వచ్చేటప్పుడు ఇంటి ముందు దింపడం ఆ బస్సులో ఒకరికొకరు చేసుకునే సాయం. ఆ కాస్త నిద్ర ఎంత విలువైనదో వాళ్లకే తెలుసు. దోస్తు తన స్టాప్‌లో దిగిపోయాడు. తిరుగు దారిలో డ్రైవర్ మా వీధి చివర ఆపి పిలిచాడు, హారన్ కొట్టాడు, తర్వాత సీటు దగ్గరికి వచ్చి భుజం పట్టుకుని కదిపాడు.

గుండె ఆగిపోయిందన్నారు. నిద్రలోనే, బస్సు బయలుదేరిన కాసేపటికే అయిపోయి ఉంటుందని, మా స్టాప్‌లో లేపినా లాభం ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికి చెప్పాడో, నిజంగానే చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. నిజమనే నమ్మి బతుకుతున్నాను.

ఆ సాయంత్రం దోస్తు వచ్చి, ఇంట్లోకి రాలేక మెట్ల మీద కూలబడ్డాడు. మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. అత్తమ్మ లోపల కొడుకు పక్కన కూర్చున్నదల్లా లేచి బయటికి వెళ్లింది. ఆవిడ వాణ్ణి కొడుతుందేమో, శపిస్తుందేమో అని అందరూ పక్కకి జరిగారు. ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసి, "నువ్వు మంచిగనే చేసినవ్ బిడ్డా, నా కొడుకును పండుకోనిచ్చినవ్" అంది. ఆ మాటకి వీధి వీధంతా ఏడ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు. ఆ రోజు లేదు, దినాల నాడు లేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. మా అమ్మ నన్ను పక్కకి పిలిచి, మీ అత్తగారిని ఏడిపించవే, లేకపోతే మనిషి దక్కదు అని భయపెట్టింది. ఎలా ఏడిపిస్తారో చెప్పలేదు.

అప్పటి నుంచి అత్తమ్మ కొడుకు పోయాడని ఎవరితోనూ అనదు. పండుకున్నడు అంటుంది. కౌలుదారు వచ్చి అడిగినా అదే మాట, వీరభద్రుడి గుళ్లో పాత మనుషులు పలకరించినా అదే మాట. వినేవాళ్లు అది మర్యాదకి అనే మాట అనుకుంటారు. నాకు తెలుసు అది కాదని. మధ్యాహ్నం అవగానే ఆవిడ ఆయన పడుకునే గదిలో కర్టెన్ వేస్తుంది. ఇంట్లో ఇప్పటికీ కుక్కర్ విజిల్ వినబడదు. ఆదివారం పూట నేను గట్టిగా దగ్గితే నా వంక చూస్తుంది. మతి తప్పలేదు, లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి, నా జడలో తెల్ల వెంట్రుకలు కూడా ఎంచుతుంది. ఆ ఒక్క విషయంలోనే అలా ఆగిపోయింది. ఆ ఆగిపోవడమే ఆవిడని నిలబెడుతోందని, అది కదిలితే నాకు ఆవిడ కూడా మిగలదని నా భయం.

ఇప్పుడు చెప్పండి, మనోడు మళ్ళీ లేచాడన్న సంగతి నేను ఆవిడకి ఏ నోటితో చెప్పను? డబుల్ కొట్టి పడుకున్న ఇద్దరిలో ఒకడు లేచాడని చెప్పాలా?

చెప్పలేదు. దాచాను. బీరంగూడ కమాన్ దగ్గర ఆ సిరీస్ బోర్డు ఇంత ఎత్తున పెట్టారు. బూడిదరంగు ముసుగులోంచి రెండు కళ్లు తెరుచుకుని చూస్తుంటాయి. అత్తమ్మతో ఆటోలో వెళ్లేటప్పుడు నేను అటు వైపు కూర్చుని కొంగు సర్దుకుంటున్నట్టు అడ్డం పెట్టేదాన్ని. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకు వేసేది.

ఆ వారమంతా కంపెనీ బస్సులో జనం రాసినవన్నీ చదివాను. మానుకుందామంటే చెయ్యి ఆగదు. కొత్త సీజన్ వచ్చిన రోజు నుంచి ఫోన్ల నిండా అదే గొడవ. కథలో చీకటి తగ్గిపోయిందని కొందరు, చీకటి మరీ ఎక్కువైందని కొందరు. తెలుగులో కూడా వచ్చిందని సంతోషపడినవాళ్లు ఉన్నారు, ఆ తెలుగు వినలేక చెవులు మూసుకున్నామన్నవాళ్లు ఉన్నారు. అన్నిటికంటే ఎక్కువ మంది రాసింది ఒకటే. వాడు చచ్చే ఉండాల్సింది. అంత గొప్ప చావుని చెడగొట్టారు. శవాన్ని లేపి సొమ్ము చేసుకుంటున్నారు. ఎవరో ఒకతను, వాడు కళ్లు తెరవగానే నాకు ఏడుపొచ్చింది అని రాస్తే, కింద నలుగురు చేరి వాణ్ణి ఆటపట్టించారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చచ్చినవాళ్లు చచ్చే ఉండాలని ఇంత ధైర్యంగా రాసేవాళ్ల ఇళ్లలో ఇంకా ఎవరూ పోలేదు కాబోలు అని టైపు చేశాను. పంపబోతూ చెరిపేశాను. ఊరూ పేరూ తెలియనివాళ్లతో నాకెందుకు ఆ గొడవ.

ఇంతా దాచి, చివరికి దోస్తు నోట బయటపడింది. అతను అప్పుడప్పుడు ఆదివారం ఊరి నుంచి వస్తూ మాకు కూరగాయలు తెచ్చిస్తాడు. అత్తమ్మ చేతి టీ తాగి, కాసేపు కూర్చుని పోతాడు. ఆ రోజు కూడా వంకాయలు పోసి, కుర్చీలో కూర్చుని, ఆవిడ ఏం విశేషాలని అడిగితే, ఆలోచించకుండా అనేశాడు.

"మనోడు లేచిండట పెద్దమ్మా."

అన్నాక తెలిసింది ఏమన్నాడో. నాలుక కరుచుకుని నా మొహం చూశాడు. మా ఆయన చెప్పే కథ ఇంట్లో అత్తమ్మకి ఒకసారి, బస్సులో ఈ దోస్తుకి ఒకసారి జరిగేది. అందుకని అతనికీ వాడు మనోడే. అత్తమ్మ వంకాయలు ఏరడం ఆపలేదు. పుచ్చులు ఒక పక్క, మంచివి ఒక పక్క పెట్టుకుంటూ పోయింది. అన్నీ అయిపోయాక చేతులు కొంగుకి తుడుచుకుని, "పెట్టు మరి, సూద్దాం" అంది నాతో.

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. కరెంటు ఉంది, నెట్ ఉంది, నాకు సెలవు. టీవీ పెట్టాను. తెలుగు అని కనిపించగానే అది నొక్కాను, తెలుగైతే ఆవిడకి సుఖంగా ఉంటుందన్న తెలివి నాది. ఒక బొంగురు గొంతు మొదలైంది. ఈ నగరం నిద్రించదు, దీని వేదన నా రక్తంలో ప్రవహిస్తోంది, అంటూ పుస్తకం చదివినట్టు సాగింది. అత్తమ్మ కాసేపు విని, మనోడు ఇట్ల మాట్లాడతాడా అని అడిగింది. అది డబ్బింగ్ గొంతు అత్తమ్మా అన్నాను. గొంతు బంద్ చేసి నన్ను చెప్పమంది.

కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చూస్తూ ప్రయత్నించాను. తెర మీద ఒక పోలీసు ఎవరినో నిలదీస్తున్నాడు. "మీరు ఎక్కడి నుంచి వచ్చారు అంటున్నాడు" అని మొదలుపెట్టాను. ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఉన్నా నా నోట ఆ తెలుగు పలకదు. మా కాలనీ తెలుగే వస్తుంది. అత్తమ్మ మొహం చిన్నబోయింది. నాకు అప్పుడు వచ్చిన దుఃఖం ఇంతా అంతా కాదు. ఆయన కథ నా కళ్ల ముందే జరిగింది, ప్రతి ముక్కా నాకు గుర్తే. కానీ ఆయనలా ఒక్క మాట అనడం నాకు చేతకాలేదు.

అత్తమ్మ దోస్తు వైపు తిరిగింది. "నా కొడుకు అబద్ధాలు చెప్తుండె, నాకు ఎరుకే. నువ్వు గూడ గట్లనే చెప్పు" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. నాకు కండ్లు లేవనుకున్నరా అన్నట్టు ఆవిడ మా ఇద్దరినీ ఒకసారి చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది. మెడ విరిగినవాడు దవాఖానకి వెళ్లలేదని ఆవిడకి మొదటి నుంచీ తెలుసన్నమాట. కొడుకు చెబుతున్నాడు కాబట్టి విన్నది, అంతే.

దోస్తు మొదట తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని, "అరె బై, గింత వానల ఏడికి పోతున్నవ్, ఇంట్ల చెప్పి వచ్చినవా అంటుండు పోలీసోడు" అన్నాడు. అచ్చం ఆయన మాటే. అత్తమ్మ ముందుకి వంగి కూర్చుంది. విలన్ వచ్చాడు, చౌరస్తా వచ్చింది, షిఫ్టులు వచ్చాయి. అత్తమ్మ పెదాల మీద నవ్వులాంటిది కనిపించింది. ఇంత కాలం దీన్ని దాచానా అని నా మీద నాకే నవ్వొచ్చింది, ఇంక భయం లేదనుకున్నాను.

అప్పుడు తెర మీద ఆసుపత్రి గది వచ్చింది. మంచం మీద మనోడు. ముసుగు లేదు, కళ్లు మూసుకుని ఉన్నాడు. మంచం పక్కన ఆ ఎదురింటి ముసలావిడ కూర్చుని ఉంది. వాణ్ణి పట్టించినందుకు కుమిలిపోయి, వాడు పడిపోయినప్పటి నుంచి రోజూ వచ్చి కూర్చుంటోందట. ఆ సంగతి నేను జనం రాసినవాటిలో చదివాను. ఆవిడ వాడి చెవి దగ్గరికి వంగి ఏదో అంటోంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది, భుజం పట్టుకుని కదుపుతోంది. దోస్తు మాటలు ఆగిపోయాయి. అతని చేతులు మోకాళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాయి.

అత్తమ్మ ఆ తల్లి ఏమంటోందని అడిగింది. అతను తల వంచుకున్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది, ఈసారి నన్ను. నాకు అబద్ధం చెప్పడం రాదు, ఆయన నాకు నేర్పలేదు.

"పేరు పెట్టి పిలుస్తోంది అత్తమ్మా" అన్నాను.

మనోడు కళ్లు తెరిచాడు. ఆ కళ్ల గురించే దేశమంతా కొట్టుకుంటోంది. మా ఇంట్లో చప్పుడు లేదు. అత్తమ్మ ఆ కళ్లని చాలాసేపు చూసింది. తర్వాత టీవీతో అన్నట్టే, మెల్లగా, ఎవరి వంకా చూడకుండా అంది.

"లేపినోళ్లు ఉన్నరు, లేచిండు. నా కొడుకును ఎవ్వరు లేపలే."

దోస్తు కుర్చీలోంచి కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. "లేపుదామనే చెయ్యి సాపిన పెద్దమ్మా" అన్నాడు. "మల్ల, పాపం, పండనీ అనుకున్న." నాకు ఇద్దరినీ కాపాడాలని ఆత్రం. డాక్టరు చెప్పిన మాట గబగబా అప్పజెప్పాను. లేపినా లేచేవారు కాదత్తమ్మా, అప్పటికే అయిపోయిందన్నారు కదా, ఇతని తప్పేం లేదు కదా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఎరుకే బిడ్డా. గీ పిలగాని తప్పేం లేదు. లేవకున్నా లేపాల్సిండె. ఒక్కలన్న పేరు పెట్టి పిలువాల్సిండె."

అని, ఆవిడ లేచింది. కర్టెన్ వేసి ఉన్న గది గుమ్మం దాకా వెళ్లింది. ఆ మిట్టమధ్యాహ్నం, ఎన్నేళ్లుగానో ఎవరూ గట్టిగా మాట్లాడని ఆ ఇంట్లో, కొడుకుని పేరు పెట్టి పిలిచింది. ఊళ్లో పొలం గట్టు మీద నిలబడి అన్నానికి పిలిచే గొంతుతో పిలిచింది. ఆగి, వింది. ఇంకోసారి పిలిచింది, ఈసారి ఇంకా గట్టిగా. పై వాటా వాళ్లు మెట్ల మీదకి వచ్చారు. లోపలి నుంచి ఎవరూ పలకలేదు. అప్పుడు అత్తమ్మ గడప మీద కూర్చుని, రెండు చేతులతో తల కొట్టుకుంటూ, నా కొడుకు పోయిండు అని ఏడ్చింది. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి. నేను వెళ్లి పక్కన కూర్చుని ఆవిడతో పాటు ఏడ్చాను.